వియ్యపురాలి పాట, వకీలు గారి సెక్షను

పెదన,
ఉగాది వెళ్ళిన మర్నాడు.

మహారాజశ్రీ అడ్వకేటు దుర్గాశంకర్ గారికి,

పెదన నుంచి వెంకటరావమ్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమంగా లేము. అది మీ వల్లనే.

ఫోను చేయొచ్చుగా అంటారేమో. ఫోన్లో తిడితే గాలికి పోతుందండి. కాగితం మీదైతే మళ్ళీ మళ్ళీ చదువుకుంటారు.

బెజవాడ నుంచి వచ్చే ‘కాలవగట్టు’ మాసపత్రికలో నా పుస్తకం ‘వియ్యపురాలి వడ్డింపులు’ మీద మీరు సమీక్ష రాశారు. పెళ్ళి భోజనాల దగ్గర ఆడవాళ్ళం పాడుకోవడానికి నేను సొంతంగా కట్టిన వేళాకోళం పాటలవి. ‘వీటిలో ఉప్పుంది గాని పప్పు లేదు’ అన్నారు. అనండి. మా ఆయన మార్కండేయులు గారిది బట్టల కొట్టు. నలభై చీరలు విప్పించి పెదవి విరిచి పోయేవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాను. కానీ నన్నొక్క మాట అడక్కుండా నా పాటలోంచి నాలుగు లైన్లు తీసి అచ్చేశారే! అదీ ఏ నాలుగు లైన్లు?

వియ్యపురాలొచ్చింది విస్తరేయండమ్మా
వేసిన విస్తరికి వంక పెట్టెనమ్మా
పప్పులో ఉప్పు లేదు, పులుసులో ముక్క లేదు
లేదు లేదంటూనే లేవదేమోనమ్మా!

వచ్చే నెల మా అమ్మాయి ధనశ్రీ పెళ్ళి. మగపెళ్ళివారిది గుడివాడ. కాబోయే వియ్యపురాలు నాంచారమ్మ గారు మీ పత్రికకి చందాదారు. ఇదే పాట పెళ్ళిపందిట్లో వింటే సరదా. నెల ముందు పత్రికలో చదివితే తనని చూసి కట్టినట్టు ఉండదూ? ఆవిడ ఫోన్ చేసి, “చదివానండీ వదినగారూ” అని ఒక నవ్వు నవ్వి పెట్టేశారు. అది ఏ రకం నవ్వో తెలియక నాకు అన్నం సయించడం లేదు.

పుస్తకం మొదటి పేజీలోనే ‘సర్వహక్కులు రచయిత్రివి’ అని ఉంది. సర్వ అంటే అన్నీ అనే గదా. నా లైన్లు నాకు తిప్పి పంపండి.

ఇట్లు,
సర్వహక్కులూ ఉన్న వెంకటరావమ్మ

తా.క.: మీ పత్రికలో నాలుగో లైను ‘లేదు లేదంటూనే లేదేమోనమ్మా’ అని పడింది. ఒక్క అక్షరం మింగి మా వియ్యపురాల్ని చంపేశారు. ఆవిడ నిక్షేపంలా ఉన్నారు.

*

బెంజ్ సర్కిల్, విజయవాడ.

గౌరవనీయులు వెంకటరావమ్మ గారికి,

దుర్గాశంకర్ నమస్కారాలు. అచ్చుతప్పుకి నిజంగా సిగ్గుపడుతున్నానండి. నాంచారమ్మ గారికి దీర్ఘాయుష్షు కలగాలి.

లైన్లు మాత్రం తిప్పి పంపలేను. ఎందుకంటే అవి ఇప్పటికీ మీవే. మీరు కాగితం మీద పెట్టిన క్షణం నుంచి మీ పాట మీద హక్కు మీది. మీరు నిండు నూరేళ్ళూ ఉన్నాక ఇంకో అరవై ఏళ్ళు మీ పిల్లలది. ఎవరూ దాన్ని అచ్చేసి అమ్ముకోవడానికి వీల్లేదు. దాన్నే కాపీరైటు అంటారు. అయితే ఆ చట్టంలోనే యాభై రెండో సెక్షను ఉంది. సొంతంగా చదువుకోవడానికి, క్లాసులో పాఠం చెప్పడానికి, ఒక రచన బాగోగులు విమర్శించడానికి కావలసినంత మటుకు వాడుకుంటే తప్పు కాదంటుంది. దీన్ని ఫెయిర్ డీలింగ్ అంటారు. అమెరికాలో ఫెయిర్ యూజ్ అంటారు, వాళ్ళ పన్నా కాస్త వెడల్పు.

మీ కొట్లో చీర కొనేముందు కొంగు విప్పి చూపించమంటారు గదా. దానికి మీరేమీ అనరు. నాలుగు లైన్లు విప్పి చూపించకుండా పాట ఎలా ఉందో పాఠకుడికి నేనెలా చెప్పను? చీర మొత్తం చుట్టబెట్టుకుని మెట్లు దిగితే అప్పుడు పోలీసుల్ని పిలవండి.

భవదీయుడు,
దుర్గాశంకర్

తా.క.: ‘ఇలాంటివి ఎవరైనా కట్టొచ్చు’ అంటూ సమీక్ష చివర సరదాకి నేనూ నాలుగు లైన్లు కట్టాను. నొచ్చుకోలేదు గదా? బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడేలోపు రాసినవి. అక్కడ ఆగిన సేపట్లో మహాకావ్యం కూడా రాయొచ్చనుకోండి.

*

పెదన.

అడ్వకేటు గారికి,

మీ ఉత్తరం చదివాక నాకు జ్ఞానోదయమైందండి. విమర్శించడానికైతే ఎవరిదైనా తీసుకోవచ్చు, కాకపోతే ఫెయిర్‌గా ఉండాలి. అంతే గదా? మా చిన్నప్పుడు బళ్ళో రఫ్ వేరు, ఫెయిర్ వేరు. రఫ్‌లో కొట్టివేతలుంటాయి, ఫెయిర్‌లో గుండ్రంగా రాయాలి.

అందుకని మీ సమీక్ష మొత్తం తప్పులు దిద్ది, గుండ్రంగా ఫెయిర్ చేసి, నా పుస్తకం రెండో ముద్రణలో వెనక వేయమని బందరు ప్రెస్సు పాల్ గారికి ఇచ్చాను. ప్రతి లైను కిందా నా విమర్శ ఉంటుంది. ‘ఉప్పుంది గాని పప్పు లేదు’ అన్న చోట, ‘ఈయన వంట చేసుకోవడం ఎరగడు’ అని రాశాను. నాలుగు చోట్ల ‘అబద్ధం’ అని మాత్రం రాశాను, చోటు లేక.

ఇంకో సంగతి. మీరు కట్టిన ఆ నాలుగు లైన్లు...

వకీలు బావొచ్చాడు వడియాలు వేయించండి
వాయిదాలొద్దంటూ వడ్డించి చూడండి
తిన్నంతసేపేమో తీర్పు చెప్పడండి
తిన్నాక అంటాడు, తిరిగి విచారణండి!

వీటిని వెక్కిరింపుకే రాశారని నాకు తెలుసు. కానీ మా వీధి ఆడవాళ్ళకి తెలియదు. మొన్న గూడూరు పెళ్ళిలో అందుకున్నారు. పెళ్ళికొడుకు బావ నిజంగానే వకీలు. రెండోసారి వడియాలు అడగడానికి భయపడ్డాడు పాపం.

దాన్ని కూడా పుస్తకంలో నా పాటల పక్కన వేయిస్తున్నాను. ఫెయిర్‌గానే.

ఇట్లు,
వెంకటరావమ్మ

తా.క.: పాటకి పేరెవరిది వేయమంటారని పాల్ గారు అడిగారు. ‘యాభై రెండో సెక్షను’ అని వేయమన్నాను.

*

విజయవాడ.

వెంకటరావమ్మ గారూ,

కొంప ముంచారండీ! ఫెయిర్ అంటే గుండ్రంగా రాయడం కాదు. న్యాయంగా వాడటం.

నా సమీక్షని తిట్టుకోండి, అది మీ హక్కు. తిట్టడానికి ఏ వాక్యం కావాలో ఆ వాక్యం తీసుకోండి. మొత్తం ఎత్తి వేస్తే అది విమర్శ కాదు, నా వ్యాసాన్ని మళ్ళీ అచ్చేయడం. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, దానివల్ల అసలు రచన అమ్ముడుపోకుండా పోతుందా, ఇవన్నీ కోర్టు చూస్తుంది. ఇక ఆ పాటని మీరు విమర్శించడం కూడా లేదు. నా పాటని మీ పుస్తకంలో కలిపేసుకుంటున్నారు!

‘కాలవగట్టు’ ఎడిటరు గారు మండిపడుతున్నారు. దయచేసి ప్రెస్సు ఆపించండి. లేకపోతే వారి తరఫున మీకు నోటీసు పంపవలసి వస్తుంది. ఇది స్నేహపూర్వకంగానే రాస్తున్నాను.

భవదీయుడు,
దుర్గాశంకర్

తా.క.: గూడూరులో నిజంగా నవ్వారా? ఎక్కడ నవ్వారు, మూడో లైనుకా, నాలుగో లైనుకా?

*

పెదన.

దుర్గాశంకర్ గారికి,

మీ ఉత్తరంలో ‘నోటీసు’ అన్న మాట చదివి మా ఆయన కొట్టు షట్టరు సగం దించి, కింద కూర్చుని మజ్జిగ తాగారు. ‘స్నేహపూర్వకంగా’ అన్న మాట చదివాక పూర్తిగా దించేశారు. మర్యాదగా రాసే కాగితాలే ప్రమాదం అంటారాయన.

ప్రెస్సు ఆపించేశాను. పాల్ గారు వెనక పేజీలన్నీ చింపేశారు. మీ సొమ్ము మీకు దక్కింది.

కానీ పాడే నోళ్ళని ఏం చేయనండీ? ఇంటింటికీ తిరిగి చెప్పాను. “అది వకీలు గారి పాట, పాడితే కోర్టు” అన్నాను. “మరి మిగతా పాటలో?” అన్నారు. ఏది ఎవరిదో నాకు మాత్రం ఏం తెలుసు? నా బాణీలన్నీ మా అమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో. చివరికి ధనశ్రీ పెళ్ళిలో ఎవరూ ఏమీ పాడొద్దని చెప్పేశాను. ఆ మాట గుడివాడకి కూడా కబురు చేశాను, నాంచారమ్మ గారి మనసైనా కుదుటపడుతుందని. ఆవిడ “అలాగా” అన్నారు. ఈసారి నవ్వలేదు.

ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళలోనూ పాడాను. నా కూతురి పెళ్ళిలో నోరు మూసుకుని కూర్చోవాలి. వచ్చే గురువారం గన్నవరం కల్యాణమండపంలో పెళ్ళి. శుభలేఖ ఇందులో పెట్టాను. మీ మీద కోపం లేదు. చట్టం మీద కూడా లేదు. కాస్త దిగులు, అంతే.

ఇట్లు,
వెంకటరావమ్మ

తా.క.: మంత్రాలకి పర్మిషన్ ఉందా అని పురోహితుడు గారిని అడిగాను. అప్పట్నుంచీ ఫోనెత్తడం లేదు. వేరే ఆయన ఎవరైనా తెలిస్తే చెప్పండి.

*

విజయవాడ. చాలా అర్జెంటు.

పిన్నిగారూ,

ఈ ఉత్తరం మా గుమాస్తా చేతికిచ్చి బస్సులో పంపిస్తున్నాను. ముందు ఎవరి నోళ్ళూ మూయించకండి!

తప్పు నాది. నోటీసు అన్న తొందరలో అసలు విషయం చెప్పలేదు. అచ్చేసి అమ్ముకోవడం వేరు, పెళ్ళిలో పాడుకోవడం వేరు. అదే యాభై రెండో సెక్షన్లో ఇంకాస్త కిందికి దిగితే, పెళ్ళి వేడుకల్లోనూ ఊరేగింపులోనూ పాట పాడుకుంటే అది హక్కుల్ని కాజేసినట్టు కాదని స్పష్టంగా ఉంది. నాది పాడండి, మీది పాడండి, ఎవరిదైనా పాడండి, ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ చట్టం రాసినవాళ్ళు ఎప్పుడో ఒక పెళ్ళికి వెళ్ళే ఉంటారు. మీ అమ్మగారి అమ్మల నాటి బాణీలంటారా, అవి అందరివీ. వాటికి యజమాని లేడు.

మీరు పాడకపోతే మాత్రం ఆ పెళ్ళి నా మెడకి చుట్టుకుంటుంది. గురువారం పొద్దున్నే గన్నవరం వస్తున్నాను. మధ్యాహ్నం వాయిదా ఉంది, అయినా వస్తాను.

మీ
దుర్గాశంకర్

తా.క.: మంత్రాలు ఎవరి హక్కుల కిందికీ రావు. పురోహితుడు గారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ‘మరి నా గొంతుకో?’ అన్నారు. ఆయనతో జాగ్రత్త.

*

విజయవాడ, గురువారం సాయంత్రం.

పిన్నిగారికి,

ఏ ముఖం పెట్టుకుని రాయను? మీరు నా ఉత్తరం మైకులో చదివి, ఆడవాళ్ళంతా గొంతెత్తి ‘వియ్యపురాలొచ్చింది’ అందుకోగానే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పప్పు లేదని రాసినవాణ్ణి నేనే గదా. పాటని పేజీలో చదివాను గాని, పంక్తిలో వినలేదు.

కానీ ఎదురుగా నాంచారమ్మ గారి ముఖం చూశాను. పాట సాగినకొద్దీ ఆవిడ ముఖం బిగుసుకుపోయింది. విస్తరి ముట్టుకోలేదు. మీరు చూడలేదు, ఆనందంలో ఉన్నారు. పాట ఇంకా అవకుండానే నేను వాయిదాకి వచ్చేశాను. కోర్టులో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. నా క్లయింటు నన్ను ఓదార్చాడు.

ధనశ్రీని అత్తవారింట్లో ఎవరూ ఏమీ అనరు గదా? నేను గుడివాడ వెళ్ళి నాంచారమ్మ గారి కాళ్ళ మీద పడనా? వెంటనే రాయండి. లేదా ఫోన్ చేయండి. తిట్టండి.

మీ
దుర్గాశంకర్

*

పెదన, ఆదివారం.

చిరంజీవి దుర్గాశంకర్‌కి,

పిన్ని ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడంతా కులాసా.

నువ్వు అరిటాకు మడిచి పరిగెత్తావు గాని, అసలు పెళ్ళి ఆ తర్వాతే జరిగిందయ్యా. పాట అయిపోగానే నాంచారమ్మ గారు చటుక్కున లేచారు. ధనశ్రీ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ నేరుగా వచ్చి నా చేతిలో మైకు లాక్కుని అందుకున్నారు:

లేవదేమో అంటిరి, లేచి నించుంటిని
లేచినమ్మ ఊరికే కూచోదు వదినా
పిల్లనిచ్చి మాకు గొప్పలేంటి వదినా
పిల్లతోటి మీరూ వచ్చేయండి వదినా!

హాలంతా గొల్లుమంది. మా వాళ్ళు మూడు పాడితే ఆవిడ ఒకటి, ఇలా భోజనాల మూడో పంక్తి దాకా సాగింది. ఆవిడ ముఖం బిగుసుకున్నది కోపానికి కాదు. తన లైన్లు మర్చిపోకుండా లోపల్లోపల వల్లె వేసుకుంటున్నారట!

పత్రికలో నా నాలుగు లైన్లు చదివిన రోజే, అచ్చుతప్పుని తనే దిద్దుకుని, జవాబు కట్టడం మొదలెట్టారట. ఫోన్లో నవ్విన నవ్వు అదీ. గుడివాడ ఆడవాళ్ళని పోగేసి నెల్లాళ్ళు సాధన చేయించారు. ఇంతలో ‘మేము పాడం’ అని నా కబురు వెళ్ళింది. ఆ రాత్రి ఆవిడ ఏడ్చారట. “వేళాకోళం చేయడానికి కూడా మేము తగమనుకున్నారా వదినా?” అని నన్ను కావలించుకుని అడిగారు. పాడితే ఆవిడకి కోపమని నేను భయపడి ఛస్తుంటే, పాడకపోవడమే ఆవిడకి అవమానమైందయ్యా. నువ్వు ఆ నాలుగు లైన్లు అచ్చేయకపోతే ఆవిడ జవాబు కట్టేవారే కాదు.

ఇప్పుడిద్దరం కలిసి పుస్తకం వేస్తున్నాం. ఆవిడ నీ వకీలు బావకి ఇంకో రెండు చరణాలు తగిలించారు. వాటిలో వకీలుకి వడియాలు పడక ఆస్పత్రికి వెళ్తాడు. పాడుకోవడానికి నిన్ను అడగక్కర్లేదు, అచ్చుకైతే అడగాలి. నువ్వు చెప్పిందే. అందుకని అడుగుతున్నాను. వేసుకోమంటావా? పేరు నీదే వేస్తాం. ముందుమాట కూడా నువ్వే రాయాలి.

ఇట్లు,
పిన్ని

తా.క.: ధనశ్రీ పెళ్ళిలో మైకు పెట్టినవాళ్ళు అక్కడే రికార్డు చేసుకుని, నీ పాటా, నా పాటా, ఆవిడ పాటా కలిపి ఆల్బమ్ చేసి అమ్ముతున్నారట, ఎవరి పేరూ లేకుండా. అది పెళ్ళీ కాదు, విమర్శా కాదు, చదువూ కాదు. చీర మొత్తం చుట్టబెట్టుకుని మెట్లు దిగుతున్నారు. ముగ్గురి తరఫునా ఒక నోటీసు పంపు. స్నేహపూర్వకంగా రాయడం మర్చిపోకు, మా ఆయన్ని అంతగా భయపెట్టింది ఆ మాటే.