దొర వదిలేసిన చేప

నాన్నా,

నా అక్షరాలు వంకర, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. ఐదో తరగతి చదువు ఇంతకంటే బాగా రాయనివ్వదు. నువ్వు చదవలేవని తెలుసు. రేపు నీ సంవత్సరీకం కదా, చెప్పాలనిపించింది.

మొన్నే ఊరొచ్చాం. కళ్లంలో ఆఖరి మిరపకాయలు బస్తాలకెత్తుతున్నారు.

న్యూజిలాండులో నీ అల్లుడు వంట చేసే బంగళాకి దొరలు చేపలు పట్టడానికే విమానాలెక్కి వస్తారు. మనలా ఎరకి ఎర్రలు గుచ్చరు, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగని గాలానికి తగిలిస్తారు. ఆ దొరల జోలికి వెళ్లకూడదన్న షరతు మీదే బంగళా వాళ్లు నన్ను అక్కడ ఉండనిచ్చారు.

ఒకరోజు ఏటి ఒడ్డున బట్టలు ఆరేస్తుంటే, ఓ ముసలి దొర చేతిలోంచి మూరెడు చేప నీళ్లలోకి పోయింది. జారిపోయిందనుకున్నాను. అది అలిసిపోయి రాయి పక్కనే ఆగింది. కాలువ కట్టేసినప్పుడు నీళ్లు మిగిలిన గుంటల్లో నువ్వు నేర్పినట్టే, దిగి మొప్పల దగ్గర ఒడిసిపట్టి తెచ్చిచ్చాను.

నీ అల్లుడు పరుగెత్తుకొచ్చారు. "ఏం పని చేశావే! పట్టి వదిలెయ్యడమే వాళ్ల ఆట. ఇక మనం పెట్టె సర్దుకోవాల్సిందే!"

దొర మాత్రం పగలబడి నవ్వి, చేపని మళ్లీ వదిలి, ఏదో అడిగాడు.

"చేత్తో పట్టడం ఎవరు నేర్పారంటున్నాడు. నువ్వే చెప్పు," అన్నారు ఈయన.

"మై ఫాదర్," అన్నాను. గట్టిగానే అన్నాను, నాన్నా.

వచ్చే సీజనుకి బంగళా వాళ్లు ఇద్దర్నీ రమ్మన్నారు.

ఈ ఉత్తరం రేపు నీ దీపంలోనే కాల్చేస్తాను. తడిచీరతో దొరల ముందు నిలబడ్డానని అమ్మకి తెలిస్తే, నాతోపాటు నీకూ తిట్లు పడతాయి.