వదినగారి పటిక

బందరు, ఆదివారం రాత్రి

గుడివాడలో అన్నయ్య మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతోంది.

భోజనాల దగ్గర వదిన ఉపన్యాసం. "స్ప్రేలన్నీ మానేశానండీ. స్నానం కాగానే చంకల్లో పటిక రుద్దుకుంటే చాలు, చెమట వాసనే ఉండదు. ఫోన్లో చూసి నేర్చుకున్నా!"

ఫోన్లోనట! ఈవిడ ఇంటి గడప తొక్కే ముందు నా భార్య మంగ ప్రతిసారీ చేసిన పని అదే. కాలవ నీళ్లు తేరడానికి బిందెలో తిప్పే పటికనే ఒళ్లు మంటలెత్తేదాకా రుద్దుకునేది. చేపలమ్మే ఇంటి పిల్ల కదా, ఎంత రుద్దుకున్నా ఈవిడ ముక్కు మీంచి కొంగు తీసేది కాదు.

"మీ ఇంటికి వచ్చే ముందు మంగ రాసుకునేదీ అదే కదా వదినా," అన్నాను.

"పోయిన మనిషి మాట ఇప్పుడెందుకు మరిదిగారూ? అయినా ఆవిడది చెమట వాసన కాదుగా!" అని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"ఆవిడకి ఏ వాసనా లేదండీ. ఉన్నదంతా మీ ముక్కులోనే. పటిక అక్కడ రుద్దుకోండి," అని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

క్షమించమని చెప్పే పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. క్షమించను. ఆసుపత్రిలో, ఆఖరి రోజున కూడా, దగ్గరికి వంగితే మంగ మొహం పక్కకి తిప్పుకుంది. "కాస్త దూరం జరగండి, వాసన వస్తున్నానేమో," అంది.