కుడివైపు స్పీకరు

ఆదివారం, హోసూరు

టైపు చేస్తుంటే అక్షరాలు తప్పుతున్నాయి.

కొత్త స్పీకర్లు వచ్చినప్పటి నుంచి నాది ఒకటే గోల, కుడివైపుది సరిగా పలకడం లేదని. అంత ఖరీదు పెట్టి కొంటే ఒకటి మూగదా అని షాపువాళ్ల మీద కేకలేశాను. ఈరోజు వాళ్ల మెకానిక్ మురుగేశ్ ఇంటికొచ్చి, కుడిదాన్ని ఎడమకీ ఎడమదాన్ని కుడికీ మార్చాడు. మళ్లీ కుడివైపుదే మూగ!

"ఇప్పుడు ఇదీ చెడిపోయిండాదా ఏమప్పా?" అన్నాను.

అతను నవ్వలేదు. "అన్నా, వెనక గోడ తట్టు తిరిగి కూచో" అన్నాడు.

తిరిగాను. అంతవరకూ బాగా పాడుతున్నది మెత్తబడిపోయింది. మూగదనుకున్నది ఖంగుమని పలికింది. చెడింది స్పీకరు కాదు, నా కుడి చెవి.

మా పిండి మిల్లులో హోరెత్తే మోటారు ఎప్పుడూ నా కుడివైపే. నొప్పి లేదు, పోటు లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదే!

మురుగేశ్ వెళ్లగానే మా సరోజ ఏడ్చేసింది. "పడుకున్నాక నేనేమన్నా చెప్తే పలకరు గదా. నేనంటే ఇష్టం లేదేమో అనుకొనుంటిని" అంది. మంచం మీద తనూ నా కుడివైపే పడుకుంటుంది.

రేపు మిల్లు మూసి బెంగుళూరులో చెవి డాక్టరుకు చూపించుకోవాలి. ఈ రెండోదైనా మిగులుతుందో లేదో...

సరోజ ఇప్పుడే దిండు తెచ్చుకుని ఎడమవైపు పడుకుంది. ఇన్నాళ్లూ ఏం చెప్పిందో అడగాలంటే భయంగా ఉంది.