గట్టు అవతల నెట్ స్తంభం

మంగళవారం

కంప్యూటర్‌కి సిమ్ వేసే రూటర్ కొనాలా, ఫైబర్ వైరు లాగించాలా అని వారంగా తేల్చుకోలేకపోయాను. ఇక్కడ సిగ్నల్ అంతంతే. పాఠం మధ్యలో ఆగిపోతోందని నా ఆన్‌లైన్ ట్యూషన్ పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారు.

మొన్న పక్క తోట సింహాచలం బావ వచ్చాడు. రెండు తోటల మధ్య గట్టు తగాదా తర్వాత రెండేళ్లుగా మాతో మాటల్లేని మనిషి!

"ఫైబరే మంచిది లచ్చిమీ. రెండిళ్లకీ ఒకటే వైరు లాగిద్దాం. స్తంభం మీ జీడితోటలో పాతిద్దాం" అన్నాడు.

రేపు ఆ స్తంభమే సరిహద్దు అంటాడేమోనని అనుమానం వచ్చింది.

"మీ తోటలోనే పాతించండి బావా" అన్నాను.

"అలాగే. ఏటైపోద్ది?" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఈరోజు నిజంగానే వాళ్ల తోటలో, గట్టుకి బాగా ఎడంగా స్తంభం వేయించి, రెండిళ్లకీ వైరు లాగించాడు. సాయంత్రం పాఠం ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా ఆ సందట్లో గట్టు మావైపు జరిపాడేమోనని నా మనసు ఊరుకోలేదు. చీకటి పడేలోగా వెళ్లి గట్టు నుంచి మా మొదటి వరస చెట్ల దాకా అడుగులు వేసి కొలిచాను. గట్టు ఎక్కడిదక్కడే ఉంది. తలెత్తేసరికి కొబ్బరిచెట్టుకి ఆనుకుని బావ నన్నే చూస్తున్నాడు.

"కొలత సరిపోనాదేటి లచ్చిమీ?" అన్నాడు.

ఈసారి నవ్వలేదు.