నా నెత్తురు సుత కబురు మోస్తదట

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది. పొద్దుగాల పంజాగుట్టలో ఒక ల్యాబుకు పోయిన. కసరత్తు చేస్తే నెత్తురులో ఏం మారుతదో చూస్తున్నరట, మనుషులు కావాలంటే నా పేరిచ్చిన. ముందుగాల నెత్తురు తీసి, అరగంట సైకిల్ తొక్కిచ్చి, మళ్ల తీసిండ్రు.

"గిదంతా దేనికి మేడం?" అని అడిగిన.

"కండరాలు పని చేసేటప్పుడు కొన్ని ప్రొటీన్లను రక్తంలోకి వదులుతాయమ్మా. అవి కాలేయానికి, ఎముకలకు, మెదడుకు కబురు మోసుకెళ్తాయి," అన్నది డాక్టరమ్మ.

"పరుగు పందాలు గెలిచేటోళ్లకేనా?"

"అందరికీనమ్మా. మీకూ అంతే."

మస్తు సంబరమైంది. నువ్వు గ్రౌండుల ఉరుకుతుంటే చూసి, నీది వేరే నెత్తురనుకుని చిన్నప్పటి సంది కుళ్లుకున్న. నువ్వు గెలిచిన కప్పుల దుమ్ము దులిపే పని సుత నాదే ఉండె.

అమీర్‌పేటల మన ఇంటికొచ్చి, చేతికేసిన పట్టీ చూపిచ్చి అమ్మకు అంతా చెప్పిన. మిషన్ మీద జాకెట్ కుడుతున్న అమ్మ తల ఎత్తకుండనే, "మీ అక్కైతే గంట తొక్కేది," అన్నది.

నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయి సుత నన్ను ఓడగొట్టినవ్. అన్నం తినకుండ గదిలకు పోయి పడుకున్న.

అమ్మ అన్నది నిజమే. ల్యాబుల నా పక్కన ఇంకో సైకిల్ ఖాళీగ ఉండె. నువ్వు దాని మీద కూసుంటే నేను మళ్ల ఓడిపోతుంటి, మళ్ల ఏడుస్తుంటి. గట్లనన్న నువ్వుంటే మంచిగుండేది.

నీ చెల్లె