ఆ పిల్ల నెమ్మదిగా పాడితే

ప్రియమైన రాయిస్‌కు,

ఇక్కడ నేనూ, అత్తయ్యా, ఆవులూ బాగానే ఉన్నాం. సముద్రం మధ్య ఆ చమురు రిగ్గు మీద నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. అడిగావు కనుక చెబుతున్నాను, ఎర్ర పెయ్య ఈనింది, కోడెదూడ. పికప్పు బండి మాత్రం నువ్వు లేవని తెలిసినట్టు రోజూ మొరాయిస్తోంది. అత్తయ్య మాత్రలు వేసుకుంటోంది, నన్ను తిట్టుకుంటూనే.

ఇక నీ పాట సంగతి. నువ్వు డాన్సు కోసమని హుషారుగా కట్టి పాడిన పాటని ఇన్నేళ్ళకి ఎవరో ఓక్లహోమా పిల్ల సాగదీసి రికార్డు చేసిందనీ, నీ పాటకి పాడె కట్టిందనీ, మనింట్లో అది వినపడకూడదనీ రాశావు. ఇంట్లో రేడియో పెట్టలేదు. కానీ శనివారం డాన్సు హాల్లో మన ఫిడేలు హాలిస్ దాన్నే ఎత్తుకున్నాడు, ఆ పిల్ల వరసలోనే. నాకు ఒళ్ళు మండింది. తిన్నగా స్టేజీ దగ్గరికి వెళ్ళాను.

"ఏం హాలిస్, మా ఆయన ఊళ్ళో లేడని ఆయన పాటకి కాళ్ళు విరగ్గొట్టావా?"

"నన్నేం చెయ్యమంటావు వదినా, కుర్రాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. రాయిస్ వచ్చాక నాలుగు తన్నమను, పడతాను," అన్నాడు ఫిడేలు దించకుండానే.

అత్తయ్య వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. "నోరు మూసుకుని వినవే. ఇన్నాళ్ళూ నా కొడుకు పాటకి తేలు కుట్టినట్టు గెంతడమే గాని, వాడేం చెప్పాడో ఒక్కళ్ళన్నా విన్నారా?"

ఆ పాటలో మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం? నీ పాట మొదలైతే నా కాళ్ళు వినేవి, నేను వినేదాన్ని కాదు. 'నా బూట్ల బురద కడిగిన చేతుల్ని ఒక్కనాడూ పట్టుకోలేదు' అన్నచోట హాలిస్ కాస్త ఆగాడు. నీ వరసలో అక్కడ ఆగడానికి చోటే లేదు. నీ బూట్లు కడిగేది నేను కాక ఇంకెవరు రాయిస్? అందరి ముందూ ఏడ్చేశాను.

అత్తయ్య తన రుమాలు నా ఒళ్ళో పడేసింది. "వాళ్ళ నాన్న పోలికేనమ్మా. ప్రేముంటుంది, నోరుండదు."

నీకు రాయకుండా దాచిన మాట ఒకటుంది. నువ్వు వచ్చేలోపు లబ్బక్‌లో మా అక్క దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను, తిరిగి రాకూడదనే. ఇంటికొస్తావు, తింటావు, ఆవుల్ని పలకరిస్తావు, నన్ను పలకరించవు. నీకు నేనున్నా లేనట్టే అనుకున్నాను. పెట్టె కూడా సర్దేశాను. ఆదివారం చర్చి నుంచి రాగానే బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. రానని ఫోన్ చేస్తే అక్క, "నీకేమన్నా పిచ్చా?" అంది. "అవునక్కా," అన్నాను.

ఆ పిల్లని తిట్టకు. మనమెవరమో కూడా తెలియకుండా నీ మాట నాకు చేరవేసింది, చల్లగా ఉండాలి. నువ్వూ చల్లగా ఉండు, ముందు ఆ మాట రాసింది నువ్వే కదా.

ఈసారి వచ్చినప్పుడు వంటింట్లో కూర్చుని ఆ ఒక్క చరణం నాకు చెప్పు. గిటారు అక్కర్లేదు. పాడటానికి సిగ్గయితే, ఊరికే చెయ్యి పట్టుకున్నా చాలు.

ఇట్లు,
ఇకముందు కూడా నీ భార్యే,
ఎర్లీన్