రాతిగోడలో మీ పాములు

ఏమండీ,

మీరు పోయాక ఇది మొదటి ఏప్రిల్. పెరట్లో రాతిగోడ సందులో చలికాలమంతా పడుకునే మీ విషంలేని చారల గార్టర్ పాములు ఇంకా బయటికి రాలేదు. వారం రోజులుగా మధ్యాహ్నం ఎండలో మీ మడతకుర్చీ వేసుకుని చూస్తున్నాను. కాళ్ళు మాత్రం పైకి పెట్టుకునే కూర్చుంటున్నాను లెండి.

తప్పు నాదే. "పాములు పాలు తాగవే," అని మీరు ఏనాడూ పోయనివ్వలేదు. కిందటి నాగులచవితికి, చలి మొదలయ్యే ముందు, అడ్డుచెప్పేవాళ్ళు లేక, ఆ సందు దగ్గర పాలు పోసి గుడ్లు పెట్టాను. తెల్లారేసరికి గుడ్ల కోసం ఆ నల్లముసుగు మొహాల రకూన్లు వచ్చి రాళ్ళన్నీ లాగేశాయి. మళ్ళీ పేర్చాను గానీ మీరు పేర్చినట్టు కుదరలేదు. లోపలికి మంచు దిగిందేమో, అవి చచ్చిపోయాయేమో అని చలికాలమంతా ఒకటే గుబులు.

"అమ్మా, ఇంకా కోల్డ్‌గానే ఉంది కదా, వెయిట్ చెయ్యి," అంటుంది మన అమ్మాయి ఫోన్‌లో. దానికి గుడ్ల సంగతి చెప్పలేదు.

ఇవాళ రెండింటికి సందులోంచి ఒక తల బయటికొచ్చింది. తల పక్కన గాటు ఉంది, మీరు గుర్తుపట్టే ముసలిదే. ఇన్నేళ్ళూ వంటింటి కిటికీలోంచి అరిచినట్టే, "ఏమండీ, పాము!" అని అరిచేశాను.

అరిచి, మన ఇంటి తలుపు వైపు చూశాను.

మళ్ళీ ఇటు తిరిగేసరికి సందు ఖాళీగా ఉంది.